అడుగుకు దిగిన నత్తపిల్లలు

వ్యాను స్పీడుబ్రేకరు మీద ఎగిరిపడగానే కోమలి ఒళ్ళోని గాజుగొట్టాన్ని రెండు చేతులా అదుముకుంది. గొట్టం నిండా సముద్రపు నీళ్ళు. అందులో కంటికి ఆనీ ఆనని తెల్లటి నలుసులు. అవి సముద్రపు నత్తల పిల్లలు. ఏర్పేడు దగ్గరి ల్యాబులో వాటిని కంటికి రెప్పలా సాకింది.

“మునస్వామన్నా, మెల్లిగా పోనీన్నా.”

“నేనేం జేసేదమ్మా, రోడ్డు అట్లుండాది. మీటింగుకు టైమైపాయె,” అన్నాడు డ్రైవరు.

ఆ మీటింగులో తేలాల్సింది ఒక్కటే. ఊరికెదురుగా సముద్రంలో ఉన్న ఇసుకమిట్ట మీద, గుడ్లు పెట్టే నెలల్లో కూడా నత్తలు పట్టుకోవచ్చా, కూడదా? పట్టుకోవచ్చని రిపోర్టు రాసింది కోమలే. అక్కడ పుట్టిన పిల్లలు నీటిపైన తేలుతూ ప్రవాహంతో ఉత్తరానికి కొట్టుకుపోతాయి, మిట్టకు కావలసినవి దక్షిణం నుంచి వచ్చి చేరతాయి, ఎన్ని పట్టినా నష్టం లేదు. అదీ దాని సారాంశం. ఆ మాట ఊరికి ముందే చేరింది. పిల్లలు తేలడం ఊరివాళ్ళ కళ్ళకే చూపిద్దామని గొట్టం వెంట తెచ్చింది.

ఊళ్ళో దిగి గొట్టం ఎత్తి చూసింది. పైన ఒక్కటీ లేదు. అన్నీ అడుగున పడున్నాయి.

“సచ్చిపోయినాయన్నా!”

గొట్టాన్ని అరుగు మీద నిలబెట్టి, ఏడుపు ఆపుకుంటూ మొహం కడుక్కుని వచ్చింది. ఒక నలుసు కదిలింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే అన్నీ పైకి లేచాయి. సంతోషించబోయి ఆగిపోయింది కోమలి. గొట్టం అందుకుని గట్టిగా కుదిపింది. అన్నీ ముడుచుకుని మళ్ళీ అడుగుకు దిగిపోయాయి.

అప్పుడు తట్టింది ఆమెకు. ఏర్పేడుకు సముద్రం క్యాన్లలో వస్తుంది. ఆ నీళ్ళను కదపకుండా తేరనిచ్చి, పైతేట మాత్రమే వాడటం ల్యాబు అలవాటు. కుదుపన్నదే ఎరగని ఆ నీళ్ళలో తేలాయి కాబట్టి అలలు విరిగే మిట్ట మీదా తేలతాయనుకుంది. ఎంత పొరపాటు! అలజడికి మునిగే పిల్లలు పైనీటితో ఎలా పోతాయి? అడుగున ప్రవాహం నెమ్మది. చాలావరకు పుట్టినచోటే ఉండిపోతాయి. ఇక తల్లుల్ని పట్టేస్తే మిట్ట మీద ఏం మిగులుతుంది?

తన రీసెర్చి గైడు రాజశ్రీకి ఫోను చేసింది.

“రిపోర్టు మీద నా సంతకం ఉంది కోమలీ. ఇప్పుడు కొత్త పాట ఎత్తుకోకు. ముందు తిరిగి రా, ఇక్కడ పరీక్షించి చూద్దాం.”

“అప్పటికి పడవలు పోయుంటాయి మేడమ్.”

కోమలి ఫోను పెట్టేసింది.

పందిరి కింద ఆడామగా అందరూ చేరారు. ముందువరసలో గంగులమ్మ. మిట్టకు పోయే పడవల్లో పెద్దది ఆమెదే. ఫిషరీస్ ఆఫీసరు రిపోర్టు కాగితం చేతపట్టి, “శాస్త్రం తెలిసిన అమ్మాయే చెబుతుంది, వినండి,” అన్నాడు.

కోమలి లేచింది. “నేను రాసింది తప్పు. గుడ్లు పెట్టే నెలల్లో మిట్ట జోలికి పోవద్దు.”

పందిరి కింద గోల పుట్టింది. ఆఫీసరు మొహం మాడిపోయింది. గంగులమ్మ విసురుగా వచ్చి గొట్టం లాక్కుంది.

“ఏందమ్మా, నిన్నొక మాట, ఈ పొద్దొక మాటా?”

“ఊపి సూడక్కా.”

గంగులమ్మ ఊపింది. ఎండకు ఎదురుగా పట్టుకుని చూసింది. నలుసులన్నీ అడుగుకు దిగాయి. గోల సద్దుమణిగింది.

“అయితే మా మిట్ట పిల్లకాయలు యాడికీ పోవా?”

“పోవక్కా. ఆడనే ఉంటాయి.”

గంగులమ్మ గొట్టాన్ని పదిలంగా కోమలి చేతుల్లో పెట్టింది. వెనక్కి తిరిగి, “పడవ పైకి లాగండి,” అని కేకేసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అంది:

“నీ మాట నమ్మి ఊరంతా కూసోని కొత్త వలలు అల్లితిమి గదమ్మా. ఈ గొట్టం మొన్ననే ఊపి ఉండకూడదా?”