అమ్మ కూనిరాగం

“నిజం చెప్పు! కంప్యూటర్ కెలికింది నువ్వే కదూ?” అత్తగారు మనవరాలి రెక్క పట్టుకుని గుంజుతోంది. పిల్ల వెక్కుతోంది. భర్త గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ వింది. చనిపోయిన అమ్మ పియానో వాయిస్తుంటే, పెళ్ళికి ముందు తను రికార్డు చేసుకున్న ఒకే ఒక్క పాట. వేరే కాపీ లేదు. ఎవరో దాన్ని మార్చేసి, ఉన్న ఫైలు మీదే సేవ్ చేసేశారు.

అమ్మ ఎప్పుడూ మునివేళ్ళతోనే వాయించేది. పక్కగదిలో నాన్న నిద్ర. “ఏమిటా మోత?” అన్న ఒక్క అరుపుకి పియానో మూత పడేది. అందుకే మీటల మీద అంత జంకు, ఆ జంకు చాటున లోగొంతుతో కూనిరాగం. ఆ రికార్డింగులో ఒక్కచోట మాత్రం, నాన్న లేచి బయటికెళ్ళి తలుపేసిన చప్పుడయ్యాక, రెండు చేతులూ జడివానలా కురిశాయి. అప్పుడు అమ్మ తనవైపు తిరిగి చిన్నపిల్లలా నవ్వడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

అదంతా పోయింది. శబ్దాన్ని సమం చేసే కంప్రెసర్‌తో మెల్లటి చోట్లని పైకి లేపి, గట్టి చోట్లని తొక్కి, ఆ జంకునీ ఆ జడివాననీ ఒకే మట్టానికి తెచ్చేశారు. బొంగురుగా ఉందని కాబోలు, ఈక్వలైజర్‌తో కింది స్వరాల్ని కోసేశారు. వాటితోబాటే కూనిరాగమూ కొట్టుకుపోయింది. మిగిలిందల్లా పైన చెవిని కోసే గాజుపెంకు మెరుపు.

ఆ మెరుపు ఆమె ఎరగనిదా? భర్త కంప్యూటర్‌లో తయారుచేసే ప్రతి పాటలోనూ ఉంటుంది. వంటింటి పని ముగించుకుని వచ్చి, రోజూ దాన్ని తగ్గించేది తనే. పాట మీద పేరు ఆయనది. “మా ఆవిడకి చెవులున్నాయిగానీ బుర్రే లేదు” అని స్నేహితుల ముందు నవ్వుతాడు. కొత్త పాటకి అమ్మ పియానో రికార్డింగు కావాలని వారంగా వెంటపడుతున్నాడు. వద్దంది. ఎనిమిదేళ్ళ పిల్లకి అచ్చం ఆయన అలవాటే ఎలా వస్తుంది?

“పోనీలే అమ్మా, దాన్నేం అనకు,” అన్నాడు భర్త ఎంతో దయగా. “చిన్నపిల్ల. తెలీక చేసింది.”

ఆమె లేచి, అత్తగారి చేతిలోంచి పిల్లని విడిపించి దగ్గరికి తీసుకుంది.

“పిల్ల కాదు అత్తయ్యా,” అంది, వీధిలోకి వినపడేలా. “మీ అబ్బాయి.”