మూడో విజిల్ తర్వాత

మా తమ్ముడు కాశిఫ్ చేసే సంగీతంలో పాడేవాళ్లుండరు. దాన్ని సైట్రాన్స్ అంటారట. డ్రమ్ము ఆగకుండా కొడుతూనే ఉంటుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య గుర్రం పరుగెత్తినట్టు మూడు అడుగులు, వాటిమీద నీళ్లు చిమ్మినట్టు, రేకు గీకినట్టు ఏవేవో చప్పుళ్లు. ఎనిమిది నిమిషాలూ ఇదే. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మీ కుట్టుమిషన్ తొక్కడం ఆపి, "నా మిషన్ గూడ ఇట్లనే మొత్తుకుంటది, దానికెవ్వరు చప్పట్లు కొట్టరు" అంది. వాడు నొచ్చుకోలేదు సరికదా, మర్నాడే ఆ మిషన్ పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేసుకున్నాడు. వాడితో అదే తంటా. తిట్టినా వాడికి పనికొస్తుంది.

పగలు వాడు హనుమకొండలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. తీరిక దొరికితే 'మిర్చి యార్డ్' అని పేరు పెట్టుకుని ఈ పని. చేసిన ట్రాకులు ఒక లేబుల్‌కు పంపుతాడు. లేబుల్ అంటే నేనేదో పెద్ద కంపెనీ అనుకున్నాను. ఫిన్లాండ్‌లో ఒక ముసలాయన, ఆయనకో వెబ్‌సైటు, అంతే. ప్రపంచంలో ఈ పిచ్చి ఉన్నవాళ్లందరూ పంపినవాటిలోంచి ఆయన కొన్ని ఏరి, బొమ్మ వేయించి సైటులో పెడతాడు. ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. మరి నీకేమొస్తదిరా అని అమ్మీ అడిగితే, "వింటరు గదా అమ్మీ" అన్నాడు. అమ్మీ సాక్ష్యానికన్నట్టు నావైపు చూసింది. నేనేం చెప్పను? అందులో నాకూ ఒక పని ఉంది.

నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది. కుడిది మాత్రం పాము చెవి. కాశిఫ్ ఏ ట్రాకు పూర్తిచేసినా, రెండు పక్కల చప్పుళ్లనూ ఒకే పక్కకు కలిపి, ఒక్క ఇయర్‌ఫోన్ తెచ్చి నా కుడి చెవిలో పెడతాడు. విడిగా బాగున్నవి అలా కలిపినప్పుడు ఒకదాన్నొకటి మింగేస్తాయట. తనకు రెండు చెవులూ బాగుండటంతో అది తొందరగా పట్టుకోలేడట. నేను "ఇక్కడేదో తగ్గింది" అంటే పోయి సరిచేసుకొస్తాడు. ఆపా, అంటే వాడి అక్కనైన నేను, పాస్ చేసిందంటేనే అది ఫిన్లాండ్‌కు పోతుంది. నా చెవిని చూసి అయ్యో అనకుండా దానికో పని ఇచ్చినవాడు మా ఇంట్లో వాడొక్కడే. అందుకే వాణ్ని ఎంత తిట్టినా మనసులో ముద్దే.

ఇక నా పెళ్లి సంగతి. వచ్చిన సంబంధాలన్నిటికీ నేనే వంకలు పెట్టాను. ఒకడు నా జీతం అడిగాడు, ఒకడు మా ఇల్లు ఎన్ని గదులని అడిగాడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జుబేర్ వచ్చినప్పుడు మాత్రం వంక దొరకలేదు. ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఆయనది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మా ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టారు. అమ్మీ తొందరలో షర్బత్ ఒలకబోస్తే, ఎవరూ చూడకముందే జేబురుమాలుతో తుడిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. నాకు ఆ మనిషి నచ్చాడు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా నచ్చాడు. వాళ్లు గడప దాటగానే ఒప్పుకుందామని అమ్మీకి చెప్పేశాను.

చెవి విషయం మాత్రం అమ్మీ చెప్పనివ్వలేదు. చూస్తే కనపడేది కాదు, చెప్తే తప్ప తెలిసేది కాదు, ముందు నిఖా కానివ్వు, తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు అంది. నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు చెప్తే ఆయన ఎక్కడ వద్దంటాడో అని భయం. దాచితే, రేపు తెలిసినరోజు నా మొహం చూసి మోసపోయాననుకుంటాడేమోనని ఇంకా భయం. నచ్చకపోయుంటే ఈ గోలే లేదు, తెలిస్తే తెలియనీ అని ఊరుకునేదాన్ని.

ఆ బాధంతా ఒకరోజు వంటింట్లో పప్పు ఉడుకుతుంటే ఫోన్లో శ్రావణికి చెప్పుకున్నాను. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కళ్లద్దాల దుకాణంలో నేను కళ్లు పరీక్షిస్తాను, శ్రావణి కౌంటర్ చూస్తుంది. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు. ఫోన్ పట్టుకున్నానంటే గల్లీ మొత్తానికీ వినపడుతుందని అమ్మీ మొత్తుకుంటుంది. ఆ రోజు గల్లీతో ఆగలేదు. కుక్కర్ విజిల్ కావాలని కాశిఫ్ తన ఫోన్‌ను ఉప్పు డబ్బా వెనక పెట్టి రికార్డు చేస్తున్నాడు. అది నాకు తెలియదు.

వాడు ట్రాకు పూర్తిచేసి ఇయర్‌ఫోన్ పట్టుకుని వచ్చిన రోజు నేనూ అమ్మీ ఈ చెవి మీదే పోట్లాడుకుని చెరోవైపు మూతి ముడుచుకుని ఉన్నాం. ఒళ్లు మండి ఉన్నానేమో, పోరా అవతలికి, నీ డ్రమ్ములు నువ్వే విను, పంపుకుంటే పంపుకో అన్నాను. వాడు తల గోక్కుని పంపేశాడు. నా చెవిన పడకుండా మా ఇల్లు దాటిన ట్రాకు అదొక్కటే.

ఆ ఆదివారానికి మంగ్నీ, అంటే నిశ్చితార్థం, ఖాయం చేసుకున్నాం. దానికి ముందు గురువారం దుకాణంలో జనం పలచబడ్డాక శ్రావణి తన ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మొహంలో రంగు లేదు. మా తమ్ముడి కొత్త ట్రాకు ఒకసారి వినమని నా కుడి చెవి దగ్గర ఫోన్ పెట్టింది. ట్రాకు పేరు 'మూడో విజిల్'. డ్రమ్ము పరుగు, అమ్మీ కుట్టుమిషన్, ఒక విజిల్, కాసేపటికి ఇంకో విజిల్. అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మూడో విజిల్ సన్నగా, పొడుగ్గా సాగింది. దాని వెనకే నా గొంతు.

"నాకు ఎడమ చెవి వినవడదని ఆయనకు ఎవ్వలు చెప్తరే? వినవడదని... వినవడదని... వినవడదని..."

బావిలోంచి అరిచినట్టు అది అలా తిరుగుతూనే ఉంది. మళ్లీ డ్రమ్ము అందుకుంది. ట్రాకు కింద ఫిన్లాండ్ ముసలాయన రాసిన వాక్యాన్ని శ్రావణి తెలుగులో చెప్పింది. ఇందులో ఒక ప్రాచీన భారతీయ మంత్రం ఉందట, కళ్లు మూసుకుని వింటే మనసుకు శాంతి కలుగుతుందట.

దుకాణం శ్రావణికి వదిలేసి, ఆటో పట్టుకుని మట్టెవాడలో మా ఇంటికొచ్చి పడ్డాను. కాశిఫ్ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. నేను తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయలేను. వాడు ముందు నమ్మలేదు. ట్రాకు పెట్టుకుని, ఆ చోటికి రాగానే తల పట్టుకుని కూర్చున్నాడు.

"మాట లెక్క వినలే ఆపా. చప్పుడు లెక్కనే విన్న. కోసి, సాగదీసి, రోజుల కొద్ది అదే విన్న. మాటన్న సంగతే మర్శిన."

వాణ్ని కొట్టాలనిపించింది. కానీ వాడు నిజమే చెప్తున్నాడని తెలుసు. వాడి చెవులు అలాంటివే. సైటులోంచి తీసేయమని ఫిన్లాండ్‌కు రాయరా అంటే వెంటనే రాశాడు. అయితే ఆ పెద్దమనిషి మెయిల్ ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు చూస్తాడట. పైగా ఊరికే ఇచ్చింది వెనక్కి రాదట, దించుకున్నవాళ్లు దించుకోగా ఇంకొకరికి పంచుతూనే ఉంటారట. ఎక్కడో బ్రెజిల్లో నా చెవి సంగతి తెలిస్తే నాకేం, మన తెలుగువాళ్లెవరికైనా పంపావా అని అడిగాను. వాడు నేల చూపులు చూశాడు.

"జుబేర్ భాయ్‌కి నిన్ననే పంపిన ఆపా. కాబోయే బావ గదా అని, అందరికంటె ముందుగాల."

ఏమన్నాడని అడిగితే ఫోన్ చూపించాడు. 'విన్న' అని ఒక్క ముక్క. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మీ వచ్చి మంచం మీద కూలబడింది. కాసేపటికి తనే తేరుకుని ఉపాయం చెప్పింది. ఈ రోజుల్లో కంప్యూటర్లు ఎవరి గొంతు కావాలంటే వాళ్ల గొంతుతో మాట్లాడుతున్నాయట కదా, అదీ అలాంటిదేనని కాశిఫ్ చెప్పేస్తే సరి. వాడు పాపం తప్పు చేసినవాడు, ఏం చెప్పమన్నా చెప్పేలా ఉన్నాడు. జుబేర్ నమ్ముతాడు కూడా. ఒక్క క్షణం నాకూ అలాగే కానిద్దాం అనిపించింది. ఆ తర్వాత ఆ మనిషి జేబురుమాలుతో షర్బత్ తుడవడం గుర్తొచ్చింది. ఆయనతో మొదటి మాటే అబద్ధమైతే జీవితమంతా దాన్ని మోసుకుంటూ తిరగాలి. నావల్ల కాదనుకున్నాను.

వాళ్లిద్దరి ముందే జుబేర్‌కు ఫోన్ చేశాను. సలాం చెప్పి, ఊపిరి పీల్చుకోకుండా అనేశాను.

"ఆ పాటల గొంతు నాది. ఆ మాట నిజం. ఎడమ చెవి అసలే వినవడదు. ముందే చెప్పాల్సింది, చెప్పలే."

"రేపు వరంగల్ వస్తాన. మీ దుకాణం కాడికొస్త" అన్నాడు. అంతే, పెట్టేశాడు. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఆయన వచ్చేసరికి నేను పూలమ్మ అనే ముసలామెకు కళ్లు పరీక్షిస్తున్నాను. ఆలోచనల్లో పడి, ఒక అద్దం బదులు ఇంకో అద్దం పెట్టాను. అంతా పొగలాగా ఉంది బిడ్డా అందామె. నాకూ అలాగే ఉందని లోపల అనుకున్నాను. ఆయన బెంచీ మీద ఓపిగ్గా కూర్చుని, ఆమె లేచి వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు నా ఎడమవైపు ఆగబోయి, మళ్లీ బల్ల చుట్టూ తిరిగి కుడివైపు నిలబడ్డాడు. చాయ్ తాగుదామా అని అడిగాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా వెతుక్కుంటూ నా కుడివైపుకు వచ్చినవాళ్లు అంతవరకూ కాశిఫ్ తప్ప ఎవరూ లేరు.

బయట చాయ్ బండి దగ్గర రెండు స్టూళ్లేసుకుని కూర్చున్నాం. ఆయన గ్లాసును చేతుల్లో తిప్పుతూ మొదలుపెట్టాడు.

"ఆ రోజు సోఫాల మీ ఎడమ పక్కన కూసున్న. ఈ సంబంధం మీకు ఇష్టమేనా అని మెల్లగ అడిగిన. మళ్ల గూడ అడిగిన. మీరు గోడ మీది క్యాలెండర్ చూసుకుంట కూసున్నరు."

ఆ క్యాలెండర్ నాకు బాగా గుర్తుంది. ఆయన ఒక్క మాటైనా మాట్లాడితే బాగుండునని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నాకు ఇష్టం లేదని, ఇంట్లోవాళ్ల బలవంతం మీద ఒప్పుకున్నానని ఆయన అనుకున్నాడట. ఇష్టం లేని పిల్లను ఎలా చేసుకోవడం అని అప్పటినుంచీ నలిగిపోయి, మంగ్నీకి ముందే సంబంధం వద్దని తన తల్లితో చెప్పేయాలనుకున్నాడట. ఎలా చెప్పాలా అని దుకాణంలో కూర్చుని ఆలోచిస్తుంటే కాశిఫ్ పంపిన ట్రాకు వచ్చింది. ఆ గొంతు విని, నాదేనా కాదా అని మళ్లీ మళ్లీ పెట్టుకున్నాడట. కాశిఫ్‌ను ఏమని అడగాలో తెలియక 'విన్న' అని పెట్టి ఊరుకున్నాడు. నిన్న నేను ఫోన్ చేసి చెప్పగానే ఏదైనా ఫోన్లో కాదు, ఎదురుగానే చెప్పాలనుకున్నాడట.

"ప్రాణం లేచొచ్చినట్టయింది. నన్ను వద్దనుకోలే, వినవడలే, గంతే గదా అని."

నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. రెండూ కలిసే వచ్చాయి. ఇన్నాళ్లూ నేను ఈ చెవిని దాచుకుంటుంటే, అది దాచినందుకే ఆ మనిషి నాకు దూరం కాబోయాడు. హమ్మయ్య అనుకుని ఊపిరి వదిలాను. ఎన్నాళ్లనుంచి బిగపట్టి ఉన్నానో అప్పుడు తెలిసింది.

ఆయన స్టూల్ ఇంకాస్త కుడివైపుకు జరుపుకున్నాడు. "మళ్ల అడుగుతాన. ఇష్టమేనా?" అన్నాడు.

ఇష్టమేనన్నాను. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా. చాయ్ పోసే ఆయన, పక్కన ఆటోలవాళ్లు అందరూ తిరిగి చూశారు. శ్రావణి దుకాణం అద్దాల వెనకనుంచి చెయ్యూపింది. జుబేర్ చెవులదాకా ఎర్రబడి, చాయ్ గ్లాసులోకి చూస్తూ నవ్వాడు.

ఇంతలో కాశిఫ్ ఫోన్. ఫిన్లాండ్ ముసలాయన జవాబిచ్చాడట. తీసేయమంటే తీసేస్తాను కానీ ఆ మంత్రం చాలామందికి నచ్చింది, దాని అర్థమేమిటో చెప్పగలరా అని అడిగాడట. ఏం రాయమంటావు ఆపా అని వాడు ఏడుపు గొంతుతో అడుగుతున్నాడు. నేను జుబేర్ వైపు చూశాను. తీయించొద్దన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు. ఉండనీయరా, మంత్రం కాదు, మా అక్క మాట అని రాయి, అర్థం కూడా ఉన్నదున్నట్టు రాయి అని చెప్పాను. అవతల వాడు గట్టిగా ఊపిరి వదలడం నాకు వినపడింది. ఫోన్ అమ్మీకి ఇయ్యి అని, ఆమెకూ జరిగిందంతా చెప్పాను. ఆమె కాసేపు ఏడ్చి, మనిషిని ఎండలో కూర్చోబెట్టకు, ఇంటికి తోలుకరా అంది.

మీ తమ్ముని పాట మీరు పూర్తిగా విన్నరా అని జుబేర్ అడిగాడు. లేదని ఒప్పుకున్నాను, పాస్ చేయకుండానే పోయిందన్నాను. ఆయన జేబులోంచి తీగల ఇయర్‌ఫోన్లు తీసి, చిక్కు విప్పి నా చేతికిచ్చాడు. కుడిది చెవిలో పెట్టుకుని, ఎప్పటిలాగే ఎడమదాన్ని మడిచి పక్కన పెట్టబోయాను.

"అది ఇటియ్యండి" అని చెయ్యి చాపాడు. "ఎడమ పక్కది నేను వింట."