ముద్ర పడని వేలు

గ్లోరీ శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదహారేళ్లుగా నర్సు. కోటబొమ్మాళి నుంచి రోజూ పాసింజరు రైల్లో రానూపోనూ ప్రయాణం. కథలు రాసేది ఆ రైల్లోనే. మొదట్లో తెల్లకాగితాల మీద రాసి వారపత్రికలకు పంపేది. నాలుగుసార్లు తిరిగొచ్చాయి. "మీ యాస మిగతా జిల్లాలవాళ్లకు కొరుకుడుపడదు" అని ఒక సంపాదకుడు చీటీ కూడా పెట్టాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపు రాలేదు, పౌరుషం వచ్చింది. 2018లో ఫోన్‌లోనే టైపు చేసి, కథలు చదువుకునే ఒక యాప్‌లో సీరియల్ మొదలుపెట్టింది.

పైడమ్మ అనే ఆవిడ కథ అది. జీడిపిక్కలు కొట్టి బతుకుతుంది. మొగుడు పోయాక ఆమె అరెకరం తోటను మరిది దొంగ వేలిముద్ర వేసిన కాగితంతో కాజేస్తాడు. వారానికో భాగం చొప్పున పదో భాగానికి వచ్చేసరికి చదివేవాళ్లు మూడువేలు దాటారు. టీ చల్లారేలోగా మెచ్చుకోలో, తిట్టో వచ్చిపడేది. గ్లోరీకి రెండూ ఇష్టమే.

పన్నెండో భాగంలో పైడమ్మ కోర్టులో వేలిముద్ర వేస్తుంది. కాగితం మీదున్న ముద్రతో అది కలవదు, మరిది దొరికిపోతాడు. తను రాసిన ఆ మలుపు తనకే ఎంత నచ్చిందంటే, భర్త రాబర్ట్‌ని కూర్చోబెట్టి రెండుసార్లు చదివి వినిపించింది.

మర్నాడు, సీరియల్ చివర ఆమె ఇచ్చే నంబరుకు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఓలమ్మా, కతలు రాసినమ్మా! నా పేరు కూర్మమ్మ. పలాస దగ్గిర పిక్కలు కొడతన్నాను, ముప్పయ్యేళ్లయినాది. నాకు సదువు రాదు. మా ఝాన్సీ ఫోన్ సూసి సదువుతాది, మేవందరం పని సేసుకుంటా ఇంటాం. అంతా బాగున్నాది గానీ, పిక్కలు కొట్టినదాని ఏలికి ముద్దర ఎక్కడ పడతాదమ్మా? నివ్వెప్పుడైనా సూసినావా?"

చూడలేదు. పలాస మీదుగా పోయినప్పుడు రైలు కిటికీలోంచి జీడి ఫ్యాక్టరీల పొగ చూసిందంతే. గ్లోరీ ఆ మెసేజ్ మళ్లీ పెట్టుకుని విన్నది. సిగ్గేసింది. "ఆదివారం వస్తాను" అని జవాబు పంపింది.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే పలాస రైలెక్కింది. స్టేషన్లో ఝాన్సీ ఎదురొచ్చి తీసుకెళ్లింది. పదో తరగతిదాకా చదివిన పిల్ల, తనూ కూర్మమ్మ చేసే ఫ్యాక్టరీలోనే పని. కూర్మమ్మ వాకిట్లో చాప పరిచి, గ్లోరీని కూర్చోబెట్టి, రెండు చేతులూ ముందుకు చాపింది.

"సూడు."

పిక్క తొక్కలోంచి కారే రసం ఏళ్ల తరబడి కాల్చీ కాల్చీ వేళ్ల కొసలు నల్లబడిపోయాయి. గీత అన్నది లేకుండా గాజుముక్కలా నున్నగా ఉన్నాయి. వేల చేతులు పట్టుకుని సూదులు గుచ్చిన నర్సు, ఆ చేతుల్ని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

"రేషన్ డిపోలో పదిసార్లు పెట్టినా మిషను తీసుకోదండి," అంది ఝాన్సీ.

"తప్పు రాసీసినాను పెద్దమ్మా," అంది గ్లోరీ. "ఇప్పుడు పైడమ్మ దావా ఎలా గెలుస్తాది?"

కూర్మమ్మ ఆమెకేసి వింతగా చూసింది. "ఏటమ్మా అలగంతావు? దొంగకాయితం మీద ముద్దర గీతలు గీతలుగా సక్కగా పడినాదని నివ్వే రాసినావు కదేటి! పిక్కలు కొట్టినదాని ముద్దర అలగెలా ఉంటాదని అడగమను జడ్జీబాబుని. పైడమ్మ ముద్దరెయ్యక్కర్నేదు. సెయ్యి సాపితే సాలు."

గ్లోరీ నవ్వాపుకోలేక కూర్మమ్మ భుజం పట్టుకుంది. తన పన్నెండు భాగాల్లో ఇంత గట్టి మలుపు ఒక్కటీ లేదు.

తిరుగు రైల్లోనే ఆ భాగం మొత్తం తిరగరాసింది. అచ్చయిన పత్రికలో తప్పు తప్పుగానే మిగిలిపోతుంది, ఇక్కడ దిద్దుకోవచ్చు. కానీ గుట్టుగా దిద్దుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. పాతది తీసేసి, కొత్తదాని పైన ఇలా రాసింది: "పోయినవారం తెలియక తప్పు రాశాను. దిద్దినావిడ పలాస కూర్మమ్మ. ఈ మలుపు ఆమెదే."

"తెలియకుండా రాయడమెందుకు?" అని ఒకరు దెప్పారు. గ్లోరీ ఆ మాటను చెరపలేదు. అందులో అబద్ధమేముంది? కడపనుంచి ఒకాయన రెండు మాటలకు అర్థం అడిగితే, ఆమె చెప్పేలోగానే పాతపట్నం పాఠకులు ముగ్గురు పోటీపడి చెప్పారు. వారం తిరిగేసరికి ఆ భాగం పదకొండువేలమంది చదివారు.

ఫ్యాక్టరీలో ఝాన్సీ అది చదువుతున్నప్పుడు పిక్కలు కొట్టే చప్పుడు ఆగిపోయిందట. మేస్త్రీ కేకేయబోయి, తనూ నిలబడి విన్నాడట. ఆ సంగతి చెప్పడానికి కూర్మమ్మే ఫోన్ చేసింది.

"నాకాడ ఇంకో కత ఉన్నాదమ్మా. మాయమ్మ కత. కోపమొచ్చి బరంపురందాకా నడిసెల్లిపోనాది. నివ్వు రాస్తావేటి?"

గ్లోరీ ఆలోచించింది. తను రాస్తే బాగానే ఉంటుంది. కానీ ఈ గొంతు అందులో ఎక్కడుంటుంది? యాప్‌లో కథల్ని వినిపించే వీలు కూడా ఉంది.

"నాను రాయను పెద్దమ్మా. నివ్వే సెప్పు. నీ గొంతుతోనే, నీ పేరుతోనే పెడదాం."

"ఎంతమంది ఇంతారేటి?"

"సెప్పలేం. శానామందే ఇంతారు."

"అయితే ఉండు, మంచినీళ్లు తాగొస్తాను," అంది కూర్మమ్మ. వచ్చి గొంతు సవరించుకుంది. "మాయమ్మ మనిషి పొట్టిది, నోరు పెద్దది..." అని మొదలెట్టింది.