గొట్టంలో నీళ్ళు

పొగ కొలిచే గదిని రేపు విప్పేస్తారని తెలిశాక, ఒకసారి చూసొద్దామని ఆమె మెట్లు దిగి కిందికెళ్ళింది. ఇప్పుడామె ఆ విభాగానికి పెద్ద. కంపెనీ బ్యాటరీ కార్ల వైపు తిరిగాక ఆ గదితో ఎవరికీ పనిలేకుండా పోయింది. తలుపు తియ్యగానే పెట్రోలూ రబ్బరూ కలిసిన వాసన గుప్పుమంది. అంతే, ఇరవై ఆరేళ్ళు వెనక్కి జరిగిపోయాయి.

అప్పుడామె కొత్తగా చేరిన లెక్కలమ్మాయి. ఆ పేరు పెట్టింది పొగబాబాయ్. ఆయన ఆ గదిలో మెకానిక్కు. నడుస్తున్న కారు వెనక నిలబడి ఒక్కసారి గాలి పీలిస్తే చాలు, ఇంజన్లో పెట్రోలు ఎక్కువ పడుతోందో తక్కువ పడుతోందో చెప్పేసేవాడు. అందుకే ఊరందరికీ కాకపోయినా ఆఫీసందరికీ పొగబాబాయ్ అయి కూర్చున్నాడు.

చల్లారిన ఇంజన్ని స్టార్ట్ చేస్తే పొగ ఎంతసేపటికి ఎంత వేడెక్కుతుంది, అందులో విషవాయువులు ఎన్ని అన్నది కంప్యూటర్లో ముందే లెక్కగట్టాలి. అదీ ఆమె పని. పొగని శుభ్రం చేసే డబ్బా ఒకటి గొట్టం మధ్యలో ఉంటుంది. అది కాస్త వేడెక్కితే గాని పనిలోకి దిగదు. అందాకా వచ్చిన విషమంతా నేరుగా వీధిలోకే. కాబట్టి మొదటి రెండు నిమిషాల మీదే అందరి కళ్ళూ.

చిక్కేమిటంటే, ఇంజన్ పూర్తిగా చల్లారాలంటే కారుని చలిగదిలో సాయంత్రం నుంచి పొద్దుటిదాకా వదిలెయ్యాలి. రోజుకి ఒక్కటే స్టార్టు. ఏదైనా తేడా వస్తే మళ్ళీ మర్నాడే.

ఆమె లెక్కలో డబ్బా వెనకాల వేడి ఆగకుండా పైకి పోయేది. నిజం కారులో మాత్రం యాభై డిగ్రీల దగ్గర మొండికేసి కూర్చునేది. చాలాసేపు కదిలేది కాదు. తరవాత ఒక్క పరుగు. పది రోజులూ ఇదే తంతు.

"బాబాయ్, సెన్సర్ సరిగ్గానే బిగించారా?" అని అడిగేసిందొకరోజు.

"నా బిగింపుకేం లోటొచ్చిందమ్మా? రెండుసార్లు మార్చాను. నీ లెక్కే గాల్లో ఉందేమో చూసుకో."

ఆమెకి రోషం పొడుచుకొచ్చింది. ఇంటికెళ్ళి అక్క మీద చిరచిరలాడింది. "ఆ కారునే కట్టుకోవే, పీడాపోతుంది" అంది అక్క.

పదకొండో రోజు పొద్దున్న, ఇంజన్ అలా అందుకుందో లేదో, బాబాయ్ కేకేశాడు. "లెక్కలమ్మాయ్, ఆ తెర వదిలేసి ఇలా రా."

కారు వెనక గొంతుక్కూర్చోబెట్టి గొట్టం చివర చెయ్యి పట్టమన్నాడు. అరచేతిలో టపటపా నీటిచుక్కలు పడ్డాయి.

"ఇవెక్కడివి?" అనడిగాడు బాబాయ్.

"పెట్రోలు మండితే ఆవిరి పుడుతుంది కదా. చల్లటి గొట్టం తగిలి నీళ్ళయింది" అందామె.

"ఆ డబ్బా కూడా చల్లగానే ఉందిగా. దాన్నిండా తడే. తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెడితే, తడి ఆరకుండా బట్ట మాడుతుందా?"

అప్పటికి ఆమెకి వెలిగింది. వచ్చే వేడంతా నీళ్ళని ఆరబెట్టడానికే సరిపోతోందన్నమాట! ఆ వారమే లెక్కలో తడిని కలిపింది. తెర మీద లెక్క గీతా, కొలత గీతా ఒకదానిమీద ఒకటి అతుక్కుపోయాయి.

మీటింగులో డైరెక్టరు తెగ మెచ్చుకున్నాడు. "ఈ నీళ్ళ సంగతి నీకెలా తట్టిందమ్మా?"

వెనక తలుపు దగ్గర బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఆమె చూసింది. చూసి కూడా, "కొలతలు చూస్తుంటే తట్టిందండీ" అంది.

ఆయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అవే వేళాకోళాలు, అదే పిలుపు. మరో ఏడాదికి రిటైరయిపోయాడు. ఒక్క మాట తిట్టినా తేలికపడేదేమో, అదే ఇన్నేళ్ళూ లోపల కలుక్కుమంటూ వచ్చింది.

ఇప్పుడా ఖాళీ గదిలో స్టూలు మీద కూర్చుని బాబాయ్‌కి ఫోన్ చేసింది. రెండుసార్లు గట్టిగా అరిస్తే గాని ఎవరో పోల్చుకోలేదాయన. ఆనాటిదంతా చెప్పేసి, "తప్పయిపోయింది బాబాయ్" అంది.

"ఆ మీటింగులో నాకేం వినబడింది గనకమ్మా! ఇంజన్ల మోతకి అప్పటికే చెవులు సగం పోయాయి."

నిజంగానే వినబడలేదో, ఆమె కోసం అలా అన్నాడో తెలీలేదు. ఆ మాట వదిలేసి గది సంగతి ఎత్తింది.

"రేపు గది విప్పేస్తున్నారు. వస్తారా?"

"కారు పంపు. పొగొచ్చేదే పంపు సుమా! చప్పుడు చెయ్యని బండి నేనెక్కను."

మర్నాడు ఎనభై దాటిన మనిషి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. విప్పేవాళ్ళని ఆమె కాసేపు ఆగమని, చలిగదిలో ఉంచిన పాత కారుని ఆఖరిసారి స్టార్ట్ చేయించింది. ఆయన వెనక్కెళ్ళి గాలి పీల్చి, "పెట్రోలు కాస్త ఎక్కువే పడుతోంది" అన్నాడు. విభాగమంతా చుట్టూ చేరింది. అందరి ముందూ ఆమె గొంతు పెంచి, ఆ లెక్కకి దారి చూపించింది ఈయనేనని, ఆ రోజు తను దాచిపెట్టిందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏమంటున్నావే?" అన్నాడు ఆయన, ఇంజన్ మోతలో చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆమె దగ్గరికెళ్ళి చెవిలో మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆయన మొహం చిన్నపిల్లాడిలా ఎర్రబడిపోయింది.