నడిమధ్యన నిలిచిన ముల్లు

మిల్తన్ ఆయిల్ ఛాంబర్ నట్టు విప్పాడు. కింద పెట్టిన రేకు పళ్ళెంలోకి ఆయిల్ ధారగా దిగలేదు. పాలెక్కువైన కాఫీ రంగులో, చిక్కటి జావలాంటిది ముద్దలు ముద్దలుగా జారిపడింది. కాలిన డీజిలు, కూలెంటు తీపి కలిసిన ముక్కవాసన షెడ్డంతా పాకింది. పక్కన కూర్చుని బేరింగులు కడుగుతున్న అతని భార్య జుల్మా పని ఆపి అటు చూసింది. మోచేత్తో ముక్కు మూసుకుంది.

గ్రీజన్నా మసన్నా ఆమెకు రోత లేదు. ఆ షెడ్డు ఆమె తండ్రిది. గౌను వేసుకునే వయసునుంచి అక్కడే స్పానర్లు అందిస్తూ పెరిగింది. తండ్రి పోయాక షెడ్డు ఆమెకు వచ్చింది, మిల్తన్ ఆమెను చేసుకుని షెడ్డులోకి వచ్చాడు. ఇన్నేళ్ళలోనూ ఆమె చూడలేనిది ఒక్కటే, ఆయిల్లో నీళ్ళు కలిసిన ఈ జావ. ఏదో కుళ్ళినట్టు ఉంటుందది.

"హెడ్డు పగిలింది," అంది.

హెడ్డుకీ బ్లాకుకీ మధ్యనుండే గాస్కెట్టే పోయి ఉండొచ్చు కదా అన్నాడు మిల్తన్. అయినా సరే, దింపి చూడమంది జుల్మా. సరేనన్నాడు.

ఆ కారు మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. తెల్లటి చిన్న డీజిల్ బండి. ఉన్ని వ్యాపారి ఒకాయన వాడి వాడి వదిలేస్తే, అమ్ముకుందామని మిల్తన్ తెచ్చుకున్నాడు. నాలుగు సిలిండర్లు, లీటరున్నర పైచిలుకు ఇంజను, యాభై గుర్రాల బలం. ఎత్తు ఎక్కేటప్పుడు ముసలి గాడిదలా మూలిగినా, ఒకసారి డీజిల్ పోయిస్తే తకువరెంబో పట్నానికి ఎన్నిసార్లయినా పోయి రావచ్చు. అందుకే ఆ ఇంజనంటే మా ప్రాంతంలో అందరికీ మోజు. దాని జబ్బులూ అందరికీ తెలుసు. చలి పొద్దుల్లో హీటర్ ప్లగ్గులు కాలకపోతే ఎంత తిప్పినా లేవదు. డీజిల్ పంపు సీళ్ళు గట్టిపడితే గాలి పీల్చుకుని మధ్యలో ఆగిపోతుంది. టైమింగ్ బెల్టు తెగిందా, పిస్టన్లు పోయి వాల్వులకు గుద్దుకుని అన్నీ వంగిపోతాయి. అన్నిటికన్నా చెడ్డది వేడి. కింద బ్లాకు పోత ఇనుము, పైన మూతలా బిగించిన హెడ్డు అల్యూమినియం. థర్మోస్టాటు పట్టేసి నీళ్ళు తిరగకపోతే ఆ హెడ్డు వాల్వుకీ వాల్వుకీ మధ్యన చీలుతుంది. డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి లేచిన క్షణాన బండి ఆపిన వాళ్ళకు ఇంజను మిగులుతుంది. ఉన్ని వ్యాపారి ఆపే రకం కాదు.

ఆ వారంలోనే రివేరాలో ఉన్న జుల్మా చెల్లెలికి ఆపరేషన్ అయింది. ఆమెకు సాయంగా జుల్మా బస్సెక్కింది. ఎక్కేముందు కూడా హెడ్డు సంగతి గుర్తుచేసింది. మర్చిపోనని మిల్తన్ మాటిచ్చాడు.

తిరిగొచ్చేసరికి కారు లేదు. ఇల్దా కొనుక్కుందని మిల్తన్ చెప్పాడు. జుల్మాకు సంతోషమే వేసింది. ఇల్దా ఒలివేరా వీధి చివర బట్టలుతికే ఆవిడ. ఆమె తమ్ముడు ఎబెర్‌కు రెండు మూత్రపిండాలూ పోయాయి. రోజు విడిచి రోజు తకువరెంబో ఆసుపత్రిలో మిషను మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. అక్కడినుంచి వచ్చే బస్సులో నిలబడి నిలబడి అతను స్పృహ తప్పిన రోజులున్నాయి. వాళ్ళకు ఒక బండి కావాలని ఊరంతటికీ తెలుసు.

మర్నాడు పొద్దున షెడ్డు ఊడుస్తుంటే చెత్త డబ్బాలో రేడియేటర్ లీకులు మూసే పొడి డబ్బాలు కనబడ్డాయి. అన్నీ ఖాళీవే. వాటి కింద గేరుబాక్సుల్లో పోసే మందపాటి ఆయిల్ సీసాలు. వాటి కింద కత్తిరించిన తీగ ముక్క ఒకటి, కొసన గుండీ పరిమాణంలో సెన్సరు. ఇంజను వేడిని డాష్‌బోర్డు ముల్లుకు చెప్పే సెన్సరది. జుల్మా దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. హెడ్డు దింపలేదు. పగులును పొడితో మెత్తాడు, జావను మందపు నూనెతో కప్పాడు, ముల్లుకు వేరే తీగ కలిపి మధ్యలో నిలబెట్టాడు. బండి ఎంత ఉడికినా ముల్లు ఇక కదలదు.

మిల్తన్ పెరట్లో కూర్చుని మాతే ఆకు కషాయం తాగుతున్నాడు. ఆమెను చూసి సొరబుర్రలో వేడినీళ్ళు పోసి, తను పీల్చిన గొట్టం ఆమె వైపు తిప్పి అందించాడు. పెళ్ళయిన నాటినుంచీ రోజూ పొద్దున ఇద్దరూ ఒకే బుర్ర, ఒకే గొట్టం.

ఆమె అందుకోలేదు. సెన్సరు చూపించి ఇదేమిటంది.

"పాత బండి అమ్మే ప్రతివాడూ చేసే పనే," అన్నాడతను. "ఆ ముల్లు ఊరికే పైకి లేచి మనుషుల్ని భయపెడుతుంది. ఇప్పుడు ఆవిడ ప్రశాంతంగా నడుపుకుంటుంది."

"ఎందుకు కొంటోందో చెప్పిందా నీకు?"

"చెప్పకేం. ఇక్కడే కూర్చుంది. ఎబెర్ గురించి చెప్పుకుని ఏడ్చింది కూడా. నేనే మాతే పోసిచ్చాను."

జుల్మా అతని పెదాల వంక చూసింది. ఆ గొట్టం మీద అతని ఉమ్మి తడి మెరుస్తోంది. ఆ బుర్రే ఇల్దా చేతిలోనూ పెట్టి, అదే గొట్టంతో ఆమె చేత తాగించి, కన్నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. రేకు పళ్ళెంలో జారిన జావ ఆమె కళ్ళముందు మెదిలింది. ఇల్దాను ఆపాలని, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని మోపెడ్ తీసింది.

ఇల్దా ఇంటికి తాళం ఉంది. ఆ రోజు ఎబెర్‌ను తీసుకెళ్ళే రోజు. పట్నం రోడ్డు మీద మోపెడ్‌ను ఎంత పరిగెత్తించగలదో అంతా పరిగెత్తించింది. జనవరి నడివేసవి ఎండ, రెండువైపులా నీలగిరి తోటలు, కలప లారీలు పక్కనుంచి పోతే మోపెడ్ ఊగిపోతోంది. వాగు వంతెన దాటాక గట్టు మీద తెల్ల కారు కనిపించింది. బానెట్ ఎత్తి ఉంది. ఆవిరి ఇంకా లేస్తోంది. ఎబెర్ గడ్డిలో కాళ్ళు చాపుకుని కారు చక్రానికి ఆనుకుని ఉన్నాడు. చీలమండలు ఉబ్బిపోయాయి, మొహం బూడిద రంగుకు తిరిగింది, నోటితో ఊపిరి తీస్తున్నాడు. ఇల్దా ఒక చేత్తో రోడ్డున పోయే బండ్లను ఆపుతూ, రెండో చేతిని తడిగుడ్డలో చుట్టుకుని ఉంది. రేడియేటర్ మూత తీయబోయి మణికట్టు కాల్చుకుంది.

ముందు ఎబెర్‌ను పంపాలి. జుల్మా రోడ్డుకు అడ్డంగా మోపెడ్ పెట్టి నిలబడింది. కలప లారీ ఒకటి తిట్టుకుంటూ ఆగింది. డ్రైవరు దిగి ఎబెర్ మొహం చూడగానే తిట్లు మానేశాడు. ఇద్దరూ కలిసి అతన్ని క్యాబినెక్కించారు. ఇల్దాకు అందులో చోటు లేదు. లారీ మలుపు తిరిగేదాకా ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత జుల్మా వైపు తిరిగింది.

"ముల్లు చూస్తూనే ఉన్నానమ్మాయ్. మీ ఆయన అదే చెప్పాడు కదా, ముల్లు మీద ఓ కన్నేసి ఉంచమని. కన్ను తిప్పలేదు. మధ్యలోనే ఉంది. ఇప్పటికీ మధ్యలోనే ఉంది చూడు."

తన తప్పే ఏదో ఉన్నట్టు ఉంది ఆ గొంతు. జుల్మాకు తన ఒంటి మీదే ఏదో జిగురు అంటుకున్నట్టనిపించింది. ఆయిల్ మూత విప్పి చూపించింది. మూత లోపల కాఫీరంగు మీగడ పేరుకుని ఉంది. ఇది హెడ్డు పగిలిన ఇంజననీ, ముల్లును తన మొగుడే కట్టేశాడనీ, జేబులోంచి సెన్సరు తీసి చూపించి మరీ చెప్పింది.

ఇల్దా మూతలోని ఆ మీగడను వేలితో తీసి, చూసి, గడ్డికి తుడిచింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"హెడ్డు పోయిందని ముందే తెలుసక్కా. దింపి బాగుచేస్తానని మాటిచ్చాడు. చెయ్యలేదని ఇవాళ పొద్దునే తెలిసింది."

"నా తమ్ముడు ఎన్నాళ్ళు బతుకుతాడని అడిగాడు జుల్మా, నీ మొగుడు. ఎంత ఆప్యాయంగా అడిగాడనుకున్నావ్." ఇల్దా రోడ్డు పక్కకు పోయి ఉమ్మేసింది. తర్వాత మోపెడ్ వెనక ఎక్కి, ఆసుపత్రికి పోనిమ్మంది.

ఎబెర్ బతికాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరబోతుండగా లారీ డ్రైవరు అతన్ని తెచ్చి దింపాడని నర్సు చెప్పింది.

సాయంత్రం జుల్మా ట్రాక్టరు మాట్లాడుకుని కారును షెడ్డుకు లాక్కొచ్చింది. మిల్తన్ ఇద్దరు స్నేహితులతో గుమ్మంలో ఉన్నాడు. పాత బండికి పూచీ ఎవడిస్తాడు అని వాళ్ళకు వినబడేలా అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఒకడైతే తన పాత ట్రక్కును ఇలాగే బ్రెజిల్ వాడికి అంటగట్టిన కథ మొదలెట్టాడు. జుల్మా ఆ కథ పూర్తయ్యేదాకా నిలబడి విన్నది. ఇంట్లోకి పోయి అతని చొక్కాలన్నీ ఒక సంచిలో కుక్కి తెచ్చి, ఆ నవ్వేవాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఇది మా నాన్న షెడ్డు. నీ సామాన్లు తీసుకుని మీ అన్న దగ్గరికి పో."

అతను ముందు నవ్వాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆపి, ఏదో గొణుక్కుంటూ సంచీ ఎత్తుకున్నాడు.

మర్నాటినుంచి ఆమె ఇంజను మీద కూర్చుంది. హెడ్డు దించితే వాల్వుల మధ్యన గోరు దూరేంత చీలిక. పొడి వల్ల జరిగింది ఇంకా అసహ్యంగా ఉంది. నీళ్ళు తిరిగే సన్నని దారులన్నిటినీ తడిసిన సున్నంలా పూడ్చేసింది. తీగతో తోడితే బూడిదరంగు ముద్దలు, కుళ్ళిన కోడిగుడ్ల కంపు. మధ్యలో రెండుసార్లు పెరట్లోకి పోయి కక్కుకుంది. రివేరా తుక్కు దుకాణంలో అదే రకం ఇంజను హెడ్డు దొరికితే తెచ్చి, సాపు చేయించి, కొత్త గాస్కెట్టు వేసి బిగించింది. కొత్త బెల్టు, కొత్త థర్మోస్టాటు, నాలుగు హీటర్ ప్లగ్గులు వేసింది. సెన్సరును దాని చోట దానికి పెట్టింది.

ఊళ్ళో ఎక్కువమంది మిల్తన్ వైపే మాట్లాడారు. తాగడు, కొట్టడు, ఒక ఇంజను కోసం మొగుణ్ణి వెళ్ళగొడతారా అని పక్కింటావిడ మొహమ్మీదే అడిగింది. జుల్మా స్పానరు తీసుకుని షెడ్డులోకి నడిచింది.

మిల్తన్ ఒక ఆదివారం మధ్యాహ్నం కాల్చిన మాంసం కాగితంలో చుట్టుకుని వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, ఇక చాలు, ఇంటికి రానీ అన్నాడు. తను చేసింది పొరపాటేనని ఒప్పుకుంటున్నానన్నాడు. జుల్మా కొంచెం మెత్తబడిందేమో కూడా. అతను ఇంకొక్క మాట అనకుండా ఉంటే ఏం జరిగేదో చెప్పలేం.

"అయినా ఎబెర్ బతికే ఉన్నాడుగా. ఏం కొంపలు మునిగాయని?"

ఆ మాట వినగానే ఆమెకు మాంసం వాసన కూడా వెగటుగా తగిలింది. తలుపు వేసేసింది. అతను కాసేపు పిలిచి, పొట్లం కిటికీ గట్టున పెట్టి పోయాడు. ఆమె దాన్ని తీయలేదు, వీధి కుక్కలు లాక్కుపోయాయి. ఆ చలికాలానికి మిల్తన్ బస్టాండు దగ్గర సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. గిరాకీ బాగానే ఉందని చెప్పుకుంటారు.

అంతకు ముందే, ఇంజను పని ముగియగానే, కారు తీసుకోవడానికి ఇల్దా పొద్దున్నే వచ్చింది. మణికట్టు మీద కాలిన మచ్చ గులాబీరంగులో ఉంది. జుల్మా కావాలనే ఇంజను వేడిచేసి ఉంచలేదు. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో ఆమే చూసుకోవాలని తాళం చేతికిచ్చింది. ఇల్దా తాళం ఒక మెట్టు తిప్పి, హీటర్ ప్లగ్గుల దీపం ఆరేదాకా ఆగి, తర్వాత తిప్పింది. ఇంజను అందుకుంది. తెల్లపొగ కాస్త కక్కి, టకటకమంటూ నిలకడగా ఆడింది.

"ఇప్పుడు దీన్ని నమ్మొచ్చా?"

"పూర్తిగా నమ్మకక్కా. పాత ఇంజను. బయల్దేరే ముందు నీళ్ళు చూసుకో, ఆయిల్ చూసుకో. ముల్లు సగం దాటితే ఎక్కడుంటే అక్కడ ఆపెయ్."

ఇల్దా తలూపింది. లోపలికి రమ్మంటే రానంది. ఆ షెడ్డులో ఇంక కాలు పెట్టలేనని, అది జుల్మా మీద కోపం కాదని చెప్పింది. ఎబెర్ ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటాడంటూ గేరు వేసింది. కారు వీధి మలుపు తిరిగింది. జుల్మా సబ్బునురగతో మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కుని, పొద్దుననగా వచ్చి ఎదురుచూస్తున్న పాలవాడి ట్రక్కు బానెట్ ఎత్తింది.