కూర్మారావు ముందూ వెనకా

నేను ఒక గేర్ల స్కూటర్ని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, లారీ ఎక్కి పార్వతీపురం వచ్చి పడ్డాను. మొదట నన్ను కొన్న కాంట్రాక్టరు, ఇంటికి కారు రాగానే నా మొహం చూడడం మానేశాడు. మనుషులంతే లెండి. అప్పుడు బట్టల కొట్లో గుమాస్తా కూర్మారావు నన్ను కొనుక్కుని, కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆయన కూతురు లాస్య నా మీదే పెరిగింది. ముందు నిలబడి దారిపొడవునా ఒకటే వాగుడు. ఆ మేక ఎవరిది, ఆ రైలెక్కడికి, నీకు మీసం ఎందుకు. కూర్మారావు ఒక్కదానికీ విసుక్కునేవాడు కాదు. ఆ పిల్ల తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఆయన భార్య ఈశ్వరి మళ్ళీ నెల తప్పింది.

ఇల్లాలు కడుపుతో ఉంటే మగవాడు గడ్డం తీయకూడదని వాళ్ళింట్లో పట్టింపు. లాస్య పుట్టేముందు పెంచిన గడ్డం నల్లగా ఉండేదట. ఈసారిది తెల్లగా, గుప్పెడంత వచ్చింది. ఆ గడ్డంతో బడికి దింపుతుంటే ఊరంతా చాటింపు వేసినట్టే కదా. లాస్య మలుపులోనే దిగిపోవడం మొదలెట్టింది. "ఇక్కడ చాలు నాన్నా" అనేది మొదట్లో. తరవాత నలుగురిలో నాన్నా అని పిలవడమే మానేసింది. ఆ పిలుపు కోసం ఆయన ఎంత మొహం వాచి ఉన్నాడో నాకు తెలుసు. ఆమె దిగాక ఇంజన్ ఆపి కాసేపు అక్కడే కూర్చునేవాడు.

బుజ్జిగాడు పుట్టాడు. గడ్డం తీసేశాడు గానీ తలలో తెలుపు ఎక్కడికి పోతుంది? వాడికి కాళ్ళు నిలవగానే అక్క నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ముందు వాడి వాగుడు, వెనక దాని మౌనం.

"ముందున్నవాడికి నా మాట ఇంకా తెలీదు, వెనకున్నదానికి నా మాట ఇక అక్కర్లేదు" అని ఒకసారి పంక్చరు షాపు దగ్గర తనలో తనే గొణుక్కున్నాడు. పాపం, వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

లాస్య ఇంటర్ చదువుతుండగా ఒక వానరోజు తప్పక కాలేజీ గేటు దాకా వెళ్ళాం. కొత్తగా చేరిన స్నేహితురాలు గొడుగేసుకుని వచ్చి, బుజ్జిగాడి బుగ్గ గిల్లి, "తాతగారితో షికారా?" అంది. కూర్మారావు కూతురి మొహం చూశాడు.

"అవునమ్మా, మనవడే" అన్నాడు.

బుజ్జిగాడిది మాటలు పట్టేసే వయసు. ఆ సాయంత్రం నుంచే వాడు తాతా అని పిలవడం మొదలెట్టాడు. ఈశ్వరి నవ్వి, రెండ్రోజులు దిద్ది, వదిలేసింది. ఎక్కడ నేర్చాడో తండ్రీ చెప్పలేదు, కూతురూ చెప్పలేదు.

మొన్న లాస్య డిగ్రీ చదువుకని విశాఖ హాస్టలుకి బయల్దేరింది. సూట్‌కేసు ముందు పెట్టి, దానిమీద బుజ్జిగాణ్ణి కూర్చోబెట్టి బస్టాండుకి వెళ్ళాం. బస్సు కదలబోతుంటే ఆ పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి, అంతమందిలో, "నాన్నా, వెళ్ళొస్తా" అంది. ఆయన చెయ్యెత్తాడు.

ఈలోగా నా సీటు మీద నిలబడ్డ బుజ్జిగాడు గట్టిగా అరిచాడు. "నాన్న కాదక్కా, తాత!"

బస్సులో వాళ్ళు నవ్వారు. లాస్య నవ్వలేదు. ఏదో చెప్పబోయింది, బస్సు వెళ్ళిపోయింది.

కూర్మారావు వాడి ముందు వంగి, "నాన్న అనరా. ఇక పరవాలేదు" అన్నాడు.

వాడు ఇదేదో ఆట అనుకుని, ఇంకా ముద్దుగా "తాతా" అన్నాడు.

ఆయన మళ్ళీ అడగలేదు. వాణ్ణి ముందు నిలబెట్టుకుని నన్ను స్టార్ట్ చేశాడు. వెనక ఎక్కేవాళ్ళు ఎవరూ లేకపోయినా, అలవాటుకొద్దీ కొంచెం ముందుకి జరిగి కూర్చున్నాడు.