కార్డు లేని కెమెరా

అద్దాలక్క లెన్సు మీద గాలి ఊది, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచులకు గుండ్రంగా తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసింది. ఇంకా ఒక వేలిముద్ర మిగిలే ఉంది. నిన్న సాయంత్రం ఏ మహానుభావుడో లెన్సుని లిఫ్టు బటన్ అనుకున్నట్టున్నాడు. ఆమె నిట్టూర్చి మళ్ళీ మొదటినుంచీ తుడిచింది. పన్నెండు కెమెరాల్లో ఇది ఏడోది. షాపు తలుపులు తెరిచేలోగా మిగతా అయిదూ కావాలి.

నాలుగంతస్తుల ఎలక్ట్రానిక్స్ షాపులో, రెండో అంతస్తులో, లిఫ్టు పక్కనున్న కెమెరా కౌంటరు పదకొండేళ్ళుగా ఆమెదే. లావుపాటి కళ్ళజోడు వల్లో, పొద్దస్తమానం గాజు తుడుస్తూ ఉండడం వల్లో అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. జీతాల రోజున తప్ప అసలు పేరుతో ఎవరికీ పని పడదు. నలభై ఆరేళ్ళ పొట్టి మనిషి. సాయంత్రానికి కాళ్ళు వాచి, చెప్పుల పట్టీలు పాదాల మీద అచ్చుపడతాయి. ఇంటికి వెళ్ళాక ఆ అచ్చుల్ని కాసేపు రుద్దుకుని, తర్వాత వంటింట్లోకి వెళ్తుంది.

మొదటిసారి కెమెరా కొనడానికి వచ్చినవాళ్ళను ఆమె దూరంనుంచే పసిగట్టేస్తుంది. ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడుగుతారు, చెబితే వినరు. ఆమె కూడా ఆ లెక్కల జోలికి పోదు. చేతిలో కెమెరా పెట్టి ఊసుపోక కబుర్లు మొదలుపెడుతుంది. ఇల్లెక్కడ, పిల్లలేం చదువుతున్నారు, మోకాళ్ళ నొప్పులా. అలా అయిదు నిమిషాలు. మాటల్లో పడ్డ మనిషి చెయ్యి ఎక్కడికి దిగుతుందో ఓరకంట చూస్తుంది. కెమెరా గుండెల దగ్గరే నిలిస్తే అది వాళ్ళది. నడుం దాకా జారిందంటే మూడు నెలల్లో బీరువా ఎక్కుతుంది. తను అమ్మినవేవీ బీరువాలెక్కలేదని ఆమెకు గొప్ప. ఆమెకున్న గొప్పల్లా అదొక్కటే.

ఆ పొద్దున వచ్చిన భారీ మనిషి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది చూపించమన్నాడు. కూతురి ఉద్యోగం గురించి చెబుతూ చెబుతూ కెమెరాని తొడ మీదికి దించేశాడు.

"ఇది మీకొద్దండి," అంది అద్దాలక్క.

"ఎందుకొద్దు? డబ్బు నాది కదా?"

"డబ్బు మీదే. మెడ కూడా మీదేనండి."

ఆయన పగలబడి నవ్వాడు. చిన్నది పట్టుకుని వెళ్ళాడు.

వరసలో చివర ఒక పాత మోడల్ ఉంది. స్టాకు ఎప్పుడో అయిపోయినా, చూపించడానికి పెట్టింది మాత్రం మిగిలిపోయింది. కౌంటరు కాస్త ఖాళీ దొరికితే అద్దాలక్క దాన్ని అందుకుని కిటికీ వైపు తిరుగుతుంది. కింద బస్టాపు. తాళాలు బాగుచేసే ముసలాయన. సంచీ నేలమీద పెట్టి చెప్పు సర్దుకునే ఆడమనిషి. ఒక్కొక్కరినీ చూసి నొక్కుతుంది. డిస్‌ప్లే కెమెరాల్లో మెమరీ కార్డు పెట్టరు కాబట్టి నొక్కిన బొమ్మ తెర మీద రెండు క్షణాలు వెలిగి మాయమైపోతుంది. నాలుగేళ్ళుగా అలా తీసి, అలా పోగొట్టుకుంటూనే ఉంది. కొనుక్కోవచ్చు, స్టాఫుకు తగ్గింపు కూడా ఉంది. కానీ ఇంటికి తెస్తే భర్త "ఎందుకిది?" అంటాడు. తిట్టే మనిషి కాదు, ఊరికే అడుగుతాడు. ఆ ఊరికే అడిగేదానికి జడిసే ఆమె కొనలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు లిఫ్టు తలుపులు పూర్తిగా తెరుచుకోకముందే "అక్కా!" అని కేక వినిపించింది. చెల్లెలు. ఆరేళ్ళు చిన్నది. ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ.

"నేను ఫోటోగ్రఫీ మొదలుపెడుతున్నానక్కా. ఆదివారాలు ఒక గుంపు వెళ్తారట, నన్నూ చేర్చుకున్నారు. మా ఆయన వెంటనే కొనుక్కోమన్నాడు. నాకేం తెలీదు, నువ్వే ఎంచి పెట్టాలి."

అద్దాలక్క నవ్వింది. చెల్లెలికి ఇలాంటివి కొత్త కాదు. వీణ మొదలుపెట్టి మానేసింది, బొమ్మలు మొదలుపెట్టి మానేసింది, ఈత కూడా అంతే. దేన్నీ ఎవరూ "ఎందుకిది?" అనలేదు. చిన్నప్పటినుంచీ అది నోరు తెరిస్తే చాలు, ఇల్లంతా లేచి పరిగెత్తేది. తనకు అడగడమే రాలేదు. ఇప్పుడు కెమెరా కూడా దానికే కావలసి వచ్చింది. లోకంలో ఇంకేమీ దొరకనట్టు!

వరసంతా చూసి చూసి చెల్లెలు ఆ చివరిదాన్నే చేతిలోకి తీసుకుంది. అలవాటుగా అద్దాలక్క కబుర్లు మొదలుపెట్టింది. మరిదిగారి ఆరోగ్యం, కొత్త ఇంటి రంగులు. నోరు మాట్లాడుతోందే గానీ కళ్ళు ఆ చేతిని వదలలేదు. అయిదు నిమిషాలు గడిచాయి, ఏడు గడిచాయి. చెయ్యి గుండెల దగ్గరే ఉంది. పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

"కదలకక్కా," అంటూ చెల్లెలు టక్కున నొక్కి తెర చూపించింది. గాజు మీద గుడ్డ పట్టుకున్న రెండు చేతులు. కిటికీ వెలుగులో పగుళ్ళతో సహా, అరిగిన ఉంగరంతో సహా. బాగుంది. ఎంత బాగుందంటే అద్దాలక్క తెర మీదికి వంగిపోయింది. నాలుగేళ్ళుగా వీధిలో పోయేవాళ్ళందరినీ తీసింది గానీ, తన చేతులు తియ్యాలని తనకే తోచలేదు. దీనికి మొదటి ఫోటోకే తోచింది.

"అయ్యో, పోయిందేంటి?"

"కార్డు లేదు."

"పోనీలే. ఇది ఇచ్చెయ్యక్కా, చేతికి భలే కుదిరింది."

"అది అమ్మకానికి కాదు," అంది అద్దాలక్క. అబద్ధం. అడిగినవాళ్ళకు ఇచ్చెయ్యమని మేనేజరు రెండుసార్లు చెప్పాడు కూడా. "పాతది. నీలాంటివాళ్ళు కొనేది కాదు. ఇదుగో, ఇది చూడు."

పొద్దుటి మనిషికి వద్దన్నదాన్నే తీసింది. చెల్లెలు కంటికి ఆనించుకోగానే, లెన్సు కింద అద్దాలక్క తన అరచెయ్యి పెట్టి బరువంతా తనే మోసింది. "ఇలా పట్టుకోవాలి," అని నేర్పుతున్నట్టు. కబుర్లేవీ చెప్పలేదు, అయిదు నిమిషాలూ ఇవ్వలేదు. "నువ్వు బాగుందంటే బాగున్నట్టే," అని చెల్లెలు అక్కని కావలించుకుని, పెద్ద సంచీ తగిలించుకుని లిఫ్టెక్కింది.

అద్దాలక్క అన్నం డబ్బా తెరిచి, బాగానే తింది. ఆ తర్వాత తన కెమెరా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. బస్టాపులో ఎవరో ఆవులిస్తున్నారు. నొక్కింది. దక్కిందన్న సంతోషం అరగంట నిలిచింది.

మూడింటికి ఫోను మోగింది. "అక్కా, మెడ లాగేస్తోంది. ఇంట్లో అందరూ ఇదేంటి ఫిరంగి తెచ్చావని నవ్వుతున్నారు. అలవాటైపోతుందిలే. మా అక్క ఎంచిందని చెప్పా." వెనకాల నిజంగానే ఎవరో నవ్వుతున్నారు. అద్దాలక్క "ఆఁ, అలవాటవుతుంది," అంది. ఫోను పెట్టేశాక, తెచ్చెయ్, మార్చేస్తాను అని ఎందుకనలేదో ఆమెకే అంతుబట్టలేదు. మళ్ళీ చెయ్యబోయి, ఫోను జేబులో వేసుకుంది. రేపు చెబుదాంలే అనుకుంది.

నాలుగున్నరకు మేనేజరు వెంట కంపెనీ మనిషి వచ్చాడు, చంకలో అట్టపెట్టెతో. పాత మోడళ్ళన్నీ వెనక్కి పంపెయ్యాలట. చీటీలో నంబరు చూసుకుని అతను తిన్నగా వరస చివరికి వెళ్ళాడు.

"అది నేను కొనుక్కుంటానండీ," అంది అద్దాలక్క. మాట ఇంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు.

మేనేజరు ఆశ్చర్యంగా చూశాడు. "ఇప్పుడా? లిస్టు వెళ్ళిపోయిందమ్మా. మూడున్నర దాకా లిస్టు నా చేతిలోనే ఉంది కదా! మీ చెల్లెలు దాన్నే పట్టుకుని నిలబడితే, అమ్మేస్తారులే, మన మనిషి దగ్గరే ఉంటుందిలే అనుకున్నాను. అమ్మలేదని తెలిశాక రాసి పంపేశాను."

మన మనిషి దగ్గర. ఏ ఆదివారమో వెళ్తే, అక్కా నువ్వు తియ్యి అని చెల్లెలే దాన్ని చేతికిచ్చి ఉండేది. కార్డు కూడా ఉండేది. ఎందుకిది అని అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కారు. ఓర్వలేని బుద్ధి, అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకున్నా ఏం లాభం, కంపెనీ మనిషి అప్పటికే కెమెరాని బుడగల ప్లాస్టిక్ కవరులో చుడుతున్నాడు. పెట్టెకు టేపు అంటించి, సంతకం పెట్టించుకుని, లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

వరస చివర ఖాళీ పడింది. తుడుద్దామని అద్దాలక్క గుడ్డ తీసుకుని, ఆగిపోయింది. కెమెరా వెనక బొటనవేలు ఆనేచోట అంటించి ఉండే నల్ల రబ్బరు ముక్క, జిగురు వదిలి ఊడి, గాజు మీద పడి ఉంది. అర్ధరూపాయంత ముక్క, మధ్యలో ఆమె వేలికి సరిపోయేంత నున్నగా అరిగిపోయి ఉంది.